జరగని ఆటకి టికెట్టు

2025 అక్టోబర్ 20 రాత్రి టొరాంటోలో మా సియాటిల్ మారినర్స్ జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. ఏడో ఇన్నింగ్స్‌లో 3-1 ఆధిక్యంలో ఉన్నవాళ్ళు ఒకే ఒక్క హోమ్ రన్‌తో 4-3కి వెనకబడిపోయారు. ఆ ఒక్క ఆట గెలిచి ఉంటే జట్టు చరిత్రలోనే మొదటిసారి వరల్డ్ సిరీస్ ఆడేది. 1977లో మొదలైన ఈ జట్టు 2025 దాకా ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో ఆ గడప తొక్కనిది ఇదొక్కటే.

మా ఆయన టీవీ కట్టేసి, "అయిపోయిందిగా, ఇంక పడుకో" అని లోపలికెళ్ళిపోయారు. నేను అలమారా పై అరలోంచి పాత చెప్పుల అట్టపెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పెట్టె గురించి రాయాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. స్త్రీల పత్రికలో ఈ బేస్‌బాల్ గోలేమిటని మీకు అనిపించొచ్చు. కాస్త ఓపిక పట్టండి.

నేను పెళ్ళయి సియాటిల్ పక్కన బెల్‌వ్యూకి వచ్చింది 1995 మార్చిలో. హెచ్-4 వీసా. అంటే ఉద్యోగం చేసే భర్త వెంట వచ్చిన భార్య. ఉద్యోగం చెయ్యకూడదు. కారు నడపడం రాదు. పొద్దున్న మా ఆయన వెళ్ళింది మొదలు రాత్రి వచ్చేదాకా నేనూ, ఆగకుండా పడే ఆ సన్నటి వానా. పక్క వాటాలో డెబ్బై ఏళ్ళ పెద్దావిడ ఒక్కతే ఉండేది. అంతకుముందు ఏడాదే భర్త పోయాడు. సాయంత్రాలు రేడియోలో బేస్‌బాల్ కామెంటరీ పెట్టుకుని, పెన్సిలుతో ఓ కాగితం మీద గళ్ళు నింపుతూ కూర్చునేది. ముగ్గుపిండి లేని ముగ్గులా ఉండేది ఆ కాగితం. ఏమిటని అడిగాను. అలా మొదలైంది.

స్కోరు రాయడం ఆవిడే నేర్పింది. ఆటలో ఒక్కో స్థానానికీ ఓ అంకె. బంతి విసిరేవాడు 1, వెనక కూర్చుని పట్టేవాడు 2, మొదటి బేస్ దగ్గరవాడు 3... 6-4-3 అని రాస్తే షార్ట్‌స్టాప్ బంతి పట్టి రెండో బేస్‌కి, అక్కణ్ణించి మొదటి బేస్‌కి విసిరారనీ, దెబ్బకి ఇద్దరు అవుటయ్యారనీ అర్థం. మూడు స్ట్రైకులకి అవుటైతే 'కె' అని రాయాలి. మూడో స్ట్రైకుకి బ్యాటు కదపకుండా అలా నిలబడే అవుటైపోతే ఆ 'కె'ని తిరగేసి రాయాలి. ప్రయత్నించి అవుటైనవాడికీ, నిలబడి అవుటైనవాడికీ తేడా కాగితం మీద మిగలాలన్నమాట. ఆ తిరగేసిన 'కె' నా మనసులో పడిపోయింది. ఎందుకో అప్పుడు తెలీలేదు.

ఆ ఏడాది ఆగస్టు మొదట్లో మారినర్స్ 13 ఆటల వెనక ఉన్నారు. సీజను చివరికి కాలిఫోర్నియా ఏంజెల్స్‌తో సమానమయ్యారు. అక్టోబర్ 2న తాడో పేడో తేల్చే ఒక్క ఆటలో 9-1తో గెలిచి, జట్టు పుట్టాక మొదటిసారి ప్లేఆఫ్స్‌లోకి వెళ్ళారు. పెద్దావిడకి కింగ్‌డోమ్ స్టేడియంలో రెండు సీజన్ సీట్లు ఉండేవి, భర్త పేరు మీద. ఇరవై ఏళ్ళ నాటి చీరలో, దానిమీద స్వెట్టర్లో నన్ను ఆయన సీట్లో కూర్చోబెట్టింది.

అక్టోబర్ 8న న్యూయార్క్ యాంకీస్‌తో ఐదో ఆట. స్టేడియంలో 57,411 మంది. పదకొండో ఇన్నింగ్స్‌లో 5-4తో వెనకబడి ఉండగా ఎడ్గర్ మార్టినెజ్ ఎడమవైపు గీత వెంబడి బంతిని కొట్టాడు. మూడో బేస్ మీదున్న జోయీ కోరా వచ్చేశాడు. మొదటి బేస్ మీదున్న కెన్ గ్రిఫీ జూనియర్ అక్కణ్ణించి ఆగకుండా పరిగెత్తి వచ్చి జారుతూ ప్లేట్‌ని తాకాడు. 6-5. నేను అరిచాను. ఏడు నెలల్లో ఆ దేశంలో నా గొంతు నాకే వినపడేంత గట్టిగా అరవడం అదే మొదలు. ఇంటికొచ్చి చిరిగిన టికెట్టు ముక్కని చెప్పుల పెట్టెలో దాచుకున్నాను.

అలా ఆ పెట్టె నిండుతూ వచ్చింది. ప్లేఆఫ్స్ కార్యక్రమ పుస్తకం, జట్టు పేరున్న త్రికోణపు జెండా, మర్నాటి పేపరు మొదటి పేజీ, పిన్నులు, నేను రాసిన స్కోరు కాగితాలు. 2000 మార్చి 26న కింగ్‌డోమ్‌ని మందుగుండుతో కూల్చేశారు. కొన్ని సెకన్లలో పెద్ద కాంక్రీటు గుట్టయిపోయింది. ఆ రోజు నుంచీ నా టికెట్టు ముక్క, లేని ఇంటి తాళంచెవిలా అయిపోయింది. మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఎప్పుడో అమ్మేసిన ఇంటి తాళంచెవి ఉండేది. ఎందుకే అని అడిగితే "ఉండనీ" అనేది. అంతే.

2001 సంగతి చెప్పాలి. ఆ ఏడు మారినర్స్ 116 ఆటలు గెలిచి, 1906లో షికాగో కబ్స్ పెట్టిన రికార్డుని అందుకున్నారు. జపాన్ నుంచి వచ్చిన ఇచిరో మొదటి సీజన్లోనే 242 హిట్లు కొట్టాడు. మధ్యలో సెప్టెంబర్ 11. వారం రోజులు ఆటలు ఆగిపోయాయి. మనలాంటి రంగున్నవాళ్ళకి బయటికెళ్ళాలంటే భయం. సల్వార్ కమీజులు వేసుకోవద్దని స్నేహితులు ఫోన్లు చేసుకున్నారు. నేను కూరగాయలకి వెళ్ళాలన్నా, పాపని బడిలో దింపాలన్నా మారినర్స్ టోపీ పెట్టుకుని వెళ్ళాను. ఆరేళ్ళుగా ప్రేమతో పెట్టుకున్న టోపీని ఆ నెల గుర్తింపు కార్డులా పెట్టుకున్నాను. సెప్టెంబర్ 19న జట్టు డివిజన్ గెలిచింది. కేరింతలు లేవు. ఆటగాళ్ళు జెండా పట్టుకుని మైదానంలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. నాకూ కన్నీళ్ళొచ్చాయి. కానీ ఆ టోపీ తియ్యడానికి ధైర్యం చాలని నా భయానికి కూడా ఆ కన్నీళ్ళలో వాటా ఉంది. ఆ టోపీ ఇప్పటికీ పెట్టెలో ఉంది. మళ్ళీ పెట్టుకోలేదు.

ఆ అక్టోబర్లోనే పెద్దావిడకి వరల్డ్ సిరీస్ టికెట్లు వచ్చాయి. జట్టు అక్కడిదాకా వెళ్తుందో లేదో తేలకముందే టికెట్లు అచ్చువేసి సీజన్ సీట్లవాళ్ళకి ఇవ్వాలి కదా. అక్టోబర్ 22న న్యూయార్క్‌లో 12-3తో ఓడిపోయారు. సియాటిల్లో జరగాల్సిన వరల్డ్ సిరీస్ ఆటలు జరగలేదు. చాలామంది టికెట్లు తిరిగిచ్చేసి డబ్బు వెనక్కి తీసుకున్నారు. పెద్దావిడ రెండింట్లో ఒకటి తిరిగిచ్చి, ఒకటి ఉంచుకుంది. సీట్ల ఖాతా భర్త పేరునుంచి తన పేరుకి మార్పించుకోవడానికి ఆవిడ చాలా తిరిగింది. తన పేరు మీద వచ్చిన మొదటి వరల్డ్ సిరీస్ టికెట్టు అది. మూడేళ్ళ తర్వాత కూతురి దగ్గరికి వేరే రాష్ట్రం వెళ్ళిపోతూ నా చేతిలో పెట్టింది.

ఇలా జరగని ఆటల వస్తువుల్ని సేకర్తలు ఫాంటమ్ అంటారు. దయ్యం వస్తువులు. టికెట్లే కాదు, ప్రెస్ పిన్నులు కూడా ఉంటాయి. విలేకరుల్ని గుర్తుపట్టడానికి 1911 వరల్డ్ సిరీస్‌లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ మొదలుపెట్టిన ఆనవాయితీ అది. వెళ్తామనుకుని చేయించి, వెళ్ళలేకపోయిన జట్ల పిన్నులే ఫాంటమ్ పిన్నులు. ఒకసారి సేకర్తల ప్రదర్శనలో ఓ బల్లమీద వరసగా పేర్చిన పిన్నులు చూశాను. వీటిని ఎంతమంది ఆడవాళ్ళు పెట్టుకుని ఉంటారు అని అడిగితే అమ్మేవాడు నవ్వాడు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. 1977 వరల్డ్ సిరీస్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ విలేకరి మెలిస్సా లుడ్కీ దగ్గర అనుమతి పత్రం ఉంది. అయినా మగ విలేకరులతోపాటు ఆటగాళ్ళ గదిలోకి వెళ్ళడానికి వీల్లేదని కమిషనర్ బోవీ కూన్ కార్యాలయం అడ్డుకుంది. ఆమె, ఆమె సంస్థా కోర్టుకెళ్ళారు. 1978లో యాంకీ స్టేడియం విషయంలో తీర్పు ఆమెకి అనుకూలంగా వచ్చింది. ఇచ్చిన జడ్జి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ. అమెరికా ఫెడరల్ కోర్టులో జడ్జి అయిన మొదటి నల్లజాతి స్త్రీ. మెడలో అనుమతి పత్రం ఉన్నా తలుపు దాటనివ్వకపోతే, అది కూడా ఫాంటమే కదా అనిపించింది నాకు.

ఇక 2012. మేం ఇల్లు మారుతూ గరాజ్ సేల్ పెట్టాం. మా ఆయన సంతకాలున్న క్రికెట్ బ్యాటుకి హాల్లో అద్దాల బీరువా ఉంది. అది 'కలెక్షన్'. నా పెట్టె మాత్రం గరాజ్‌లో, పగిలిన బకెట్ల పక్కన. అది 'చెత్త'. ఆ మాట ఆయన కోపంగా కూడా అనేవారు కాదు, వాతావరణం చెప్పినట్టు మామూలుగా అనేవారు. ఆ పొద్దున్న నేను లోపల టీ పెడుతుంటే, పెట్టె మీద 5 డాలర్లని చీటీ అంటించి బల్లమీద పెట్టేశారు.

నేను బయటికొచ్చేసరికి ఓ పెద్దమనిషి పెట్టె తెరిచి, దయ్యం టికెట్టుని అంచులు పట్టుకుని జాగ్రత్తగా చూస్తున్నాడు. తెలిసినవాడు పట్టుకునే పద్ధతే వేరు. నావైపు తిరిగి "మీ ఆయన కలెక్షనా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన వైపు తిరిగి, ఆ ఒక్క టికెట్టుకే 200 డాలర్లు ఇస్తానన్నాడు.

మా ఆయన మొహం చూడాలి. అప్పటిదాకా చెత్త, రెండు క్షణాల్లో వస్తువైపోయింది. "నాకు ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నారు నాతో. పదిహేడేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. నేను చెప్పింది ఆట గురించి, పెద్దావిడ గురించి, తిరగేసిన 'కె' గురించి. ధర గురించి కాదు. ధర చెప్పడానికి ఇంకో మగవాడు రావలసివచ్చింది.

"అది నాది. అమ్మను" అన్నాను. ఆ పెద్దమనిషి క్షమాపణ చెప్పి టికెట్టు మళ్ళీ పెట్టెలో పెట్టబోతూ, అడుగున మడతపెట్టిన కాగితం చూసి "ఇది కూడా ప్లేఆఫ్స్‌దేనా?" అన్నాడు. తెలుగు ముద్ర ఉన్న కాగితం. నేను లాక్కున్నాను.

అది 1995 జనవరిలో నాకొచ్చిన ఉత్తర్వు. గుంటూరు జిల్లాలో ఓ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చరిత్ర లెక్చరర్‌గా పదిహేను రోజుల్లో చేరమని. అప్పటికి సంబంధం కుదిరిపోయింది. "రెండు నెలల్లో వెళ్ళిపోయేదానికి చేరడం ఎందుకమ్మా, ఇంకొకరికి వస్తుంది" అన్నారు నాన్న. ఎవరూ తలుపు మూయలేదు. నన్నెవరూ కట్టెయ్యలేదు. పదిహేను రోజులూ నేను అలా నిలబడి ఉన్నాను. బ్యాటు కదపలేదు.

ఆ రాత్రి కొత్త ఇంట్లో టికెట్టునీ ఉత్తర్వునీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండూ సక్రమంగా అచ్చయినవే. రెండింటి మీదా తేదీ ఉంది, రావలసిన చోటు ఉంది. రెండూ వాడనివే. కానీ ఒక తేడా ఉంది. మారినర్స్ ఆట జరగనందుకు ఊరు ఊరంతా ఏడ్చింది, పేపర్లు రాశాయి, దాని టికెట్టుని జనం అద్దాల చట్రంలో పెట్టుకుంటారు. నా ఉద్యోగం జరగనందుకు అందరూ నాకు శుభాకాంక్షలు చెప్పారు. స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. దుఃఖపడాల్సిన విషయమని నాకు తెలియడానికే పదిహేడేళ్ళూ, ఓ బేస్‌బాల్ టికెట్టూ కావలసివచ్చింది.

ఎంతమంది ఇళ్ళల్లో, ఎన్ని బీరువాల్లో చీరల మడతల కింద ఇలాంటి కాగితాలున్నాయో! చేరని సీటుకి వచ్చిన అడ్మిషన్ కార్డు. ఇంటర్వ్యూకి రమ్మన్న ఉత్తరం. ఎక్కని రైలు టికెట్టు. వాటికి సేకర్తలు లేరు, ధరలు లేవు. కనీసం ఫాంటమ్ అన్న పేరు కూడా లేదు.

గ్రీన్‌కార్డు వచ్చాక ఓ స్కూల్లో సహాయకురాలిగా పనిచేశాను. పిల్లలకి చరిత్ర చెప్పలేదుగానీ, చరిత్ర పుస్తకాలకి అట్టలు వేశాను. జీవితం వృథా అయిందని అనడం లేదు. ఒక ఆట జరగలేదని మాత్రం అంటున్నాను.

ఇప్పుడు స్టేడియంలోకి టికెట్లు ఫోన్లోనే. చింపి ఇవ్వడానికి ముక్క ఉండదు. అందుకే 2025 అక్టోబర్ 20 ఆటకి నా దగ్గర మిగిలింది, టీవీ ముందు కూర్చుని నేను పెన్సిలుతో రాసుకున్న స్కోరు కాగితం ఒక్కటే. ఆట అయిన కాసేపటికి అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, ఓడిపోయారుగా. ఏం చేస్తున్నావ్?"

"పెట్టె సర్దుతున్నా."

"ఆ తెలుగు కాగితం ఏమిటో ఎప్పుడూ చెప్పవు. ఈసారి వచ్చినప్పుడు చదివి చెప్పాలి."

చెబుతానన్నాను. ఉత్తర్వుని అడుగునుంచి తీసి, టికెట్టు పైన పెట్టి మూత వేశాను.