అల్మాస్‌గూడలో ఆరుద్ర పురుగు

అల్మాస్ అంటే వజ్రం. నేను దిల్‌సుఖ్‌నగర్ దాటి, మీర్‌పేట మీదుగా అల్మాస్‌గూడ వెళ్ళింది మాత్రం వజ్రాల కోసం కాదు. ఆరుద్ర కార్తెలో వాన పడింది గదా, ఆరుద్ర పురుగును ఫొటో తీద్దామని.

నా 50 మిల్లీమీటర్ల లెన్సు అంత దగ్గరి వస్తువును పట్టలేదు. దానికి ఉపాయం ఎక్స్‌టెన్షన్ ట్యూబు. అందులో అద్దమంటూ ఏమీ ఉండదు సుమండీ! ఒట్టి గొట్టం. కెమెరాకూ లెన్సుకూ నడుమ బిగిస్తే లెన్సు ముందుకు జరిగి, దగ్గరి వస్తువు పెద్దదై కనబడుతుంది. గొట్టం కూడా 50 మిల్లీమీటర్లే అయితే, పురుగు ఎంతో సెన్సారు మీద బొమ్మా అంతే! కాని వెలుతురు తగ్గుతుంది. దూరాన ఉన్నవన్నీ మసకైపోతాయి.

ఇళ్ళ నడుమ మిగిలిన ఖాళీ ప్లాటులో బోర్లా పడుకున్నాను. ఒక పెద్దాయన ఆగి, “ఏం పోగొట్టుకున్నవ్ సారూ?” అన్నాడు. సంగతి చెబితే నవ్వాడు. “మా చిన్నప్పుడు చేనంత ఎర్రగ ఉండేది.”

గంటసేపు వెతికాక ఒక్కటి కనబడింది. ఎర్రని మఖమలు కప్పుకున్న ఎనిమిది కాళ్ళ జీవి. పేరుకు పురుగే గాని, సాలీడుకు చుట్టం. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను.

లేచి చూద్దును గదా, రెండడుగుల దూరంలో పునాదికి ముగ్గు పోసి ఉంది! గొట్టం బిగించిన కెమెరాలో అది కనబడనే లేదు.

బొమ్మ నా దగ్గర భద్రంగానే ఉంది. పురుగు సంగతి వచ్చే ఆరుద్రకు వెళ్ళి చూడాలి.