ఎవరి పేరు మీద?

"మేడమ్, అక్కడ ఏ బ్యాంకు మంచిది?"

మొన్న ఒక పాత విద్యార్థిని ఫోన్ చేసి అడిగింది. ఎమ్మేలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి. వచ్చే సెప్టెంబరులో ఇంగ్లండు వెళ్తోంది. వీసా, హాస్టలు, స్వెట్టర్లు, ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా లేదా, ఇవన్నీ అయ్యాక చివర్లో గుర్తొచ్చి అడిగిన ప్రశ్న. ఏదో ఒక పేరు చెప్పేస్తే సరిపోయేది. నోరు రాలేదు. "రాత్రికి చేస్తానమ్మా" అని పెట్టేశాను.

నేను 2015లో పీహెచ్‌డీకి లీడ్స్ వెళ్ళాను. స్కాలర్‌షిప్ ఫీజు వరకే వచ్చింది. తిండికీ అద్దెకీ డబ్బు మేమే చూపించాలి. చూపించడమంటే తొమ్మిది నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము 28 రోజుల పాటు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఆ ఖాతా నాదైనా కావాలి, అమ్మానాన్నలదైనా కావాలి. అన్నదో బాబాయిదో అయితే వీసా వాళ్ళు ఒప్పుకోరు. నాయన పొలం మీద అప్పు తెచ్చాడు. అమ్మ గాజులు తాకట్టు పెట్టింది. బాబాయి కొంత సర్దాడు. అంతా కలిపి ఏడున్నర లక్షల దాకా నా ఖాతాలో వేశారు. అప్పుడు పౌండు దాదాపు వంద రూపాయలు.

నా పేరు మీద అంత సొమ్ము ఉండటం అదే మొదటిసారి. అసలు ఆ ఖాతా డిగ్రీలో ఉండగా నాయనతో కలిపి తెరిచిన జాయింటు ఖాతా. పాస్‌బుక్కూ ఏటీఎం కార్డూ ఆయన బీరువాలో ఉండేవి. ఆ 28 రోజులూ కాగితాల మీద నేను లక్షాధికారిని. వీసా సెంటరుకు వెళ్ళడానికి బస్సు చార్జీ మాత్రం అమ్మనడిగి తీసుకున్నాను. నాయన చెడ్డవాడేం కాదు. ఆడపిల్లను అంత దూరం పంపడానికి పొలం కాగితాలు తాకట్టు పెట్టిన మనిషి ఆయన. కానీ డబ్బు నాకోసం ఖర్చు పెట్టడం వేరు, డబ్బు నా చేతికివ్వడం వేరు. ఈ తేడా ఆయనకెప్పుడూ తట్టలేదు. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ తట్టలేదు.

లీడ్స్‌లో పార్క్ రో అని ఒక వీధి ఉంది. ఎప్పటినుంచో బ్యాంకుల వీధిగా పేరు. దిగిన నాలుగో రోజున ఆ వీధిలోకి వెళ్ళాను. ఖాతా అంటే ఖాతాయే కదా అనుకున్నాను. ఇంగ్లీషు విద్యార్థులకొకటి ఉంది. అందులో కొంతవరకూ వడ్డీ లేకుండా అప్పు వాడుకోవచ్చు. దాన్ని వాళ్ళు ఓవర్‌డ్రాఫ్ట్ అంటారు. కానీ దానికి ఆ దేశంలో మూడేళ్ళుగా ఉంటున్నవాళ్ళై ఉండాలి. మాలాంటి బయటివాళ్ళకు ఇంకోటి. దానికి నెలనెలా రుసుము కట్టాలి, బదులుగా ఇంటికి డబ్బు పంపడం తేలికని ఊరిస్తారు. మూడోది బేసిక్ ఖాతా. రుసుము లేదు, అప్పూ లేదు, చెక్కుబుక్కూ లేదు. కార్డు ఒకటిస్తారు. కౌంటరులో ఉన్నాయన రెండోదాన్ని గురించి చాలాసేపు చెప్పాడు. నేను మూడోదే అడిగాను. అది లేదన్నట్టుగా మొహం పెట్టాడు. ఉంది. వాళ్ళ కరపత్రంలో చివరి పేజీలో ఉంది. ఆ పేజీ తిప్పి చూపిస్తే గానీ ఫారం ఇవ్వలేదు.

ఆ ఫారంతో అసలు కథ మొదలైంది. పాస్‌పోర్టు సరే. వీసా కార్డు పోస్టాఫీసు నుంచి పది రోజుల్లోగా తెచ్చుకోవాలి, అది రాందే మాట్లాడరు. దేశంలో ఉండే హక్కు లేనివాళ్ళకు ఖాతా ఇవ్వకూడదని 2014 డిసెంబరు నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. అందువల్ల కౌంటరులో కూర్చున్న ప్రతి గుమాస్తా సగం ఇమ్మిగ్రేషన్ అధికారి అయ్యాడు. తర్వాత చిరునామా రుజువు. గది కావాలంటే ఇంటాయన నెలనెలా అద్దె బ్యాంకు ద్వారానే పంపమంటాడు. బ్యాంకేమో గది చిరునామా లేందే ఖాతా ఇవ్వదు. యూనివర్సిటీ ఒక ఉత్తరమిస్తుంది, కానీ ఏ బ్యాంకుకో ముందే చెప్పాలి, ఆ బ్యాంకు పేరే దాని మీద ఉండాలి. ఆ ఉత్తరం కోసం తిరిగి, అపాయింట్‌మెంటు తీసుకుని, రెండు వారాల తర్వాత మళ్ళీ అదే కౌంటరు ముందు కూర్చున్నాను.

ఫారంలో మిస్, మిసెస్, మిజ్ అని మూడు గళ్ళు. మగవాళ్ళకొకటే గడి. ఇది పాత సంగతే, మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నదే. నన్ను ఆపింది ఇంకో గడి. భద్రత కోసం ఒక ప్రశ్న: మీ అమ్మ పుట్టింటి ఇంటిపేరేమిటి? ఫోన్ చేసినప్పుడు మనం మనమేనని నిరూపించుకోవడానికి ఆ పేరు చెప్పాలట. ఎందుకదే? ఎందుకంటే అది ఎవరికీ తెలియదు. పెళ్ళితో చెరిగిపోయిన పేరు కాబట్టి బీరువా తాళంలా పనికొస్తుంది. మా అమ్మ ఇంటిపేరు ఒక తాళంచెవిగా తప్ప ఇంకెక్కడా రాయలేదు నేను, అంతకు ముందూ, ఆ తర్వాతా. మేనరికాలున్న మా ఊళ్ళో అదేం రహస్యం, ఊరందరికీ తెలుసు కదా అని నవ్వొచ్చింది కూడా. గుమాస్తాకు స్పెల్లింగు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

వారానికి కార్డొచ్చింది. దాని రహస్య సంఖ్య వేరే కవరులో వచ్చింది. ఆ కవరు చింపిన రోజున నాకు వర్జీనియా వుల్ఫ్ గుర్తుకు రావడంలో వింతేమీ లేదు, సాహిత్యం చదువుకున్నవాళ్ళ జబ్బు అది. 1929లో అచ్చయిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో ఆడవాళ్ళు రాయాలంటే ఏడాదికి అయిదు వందల పౌండ్లూ సొంత గదీ కావాలంటుంది. క్లాసులో మనమంతా ఆ గది గురించే మాట్లాడతాం. ఆ డబ్బెక్కడిదని నేనూ విద్యార్థినిగా అడగలేదు. అందులో కథ చెప్పే ఆవిడకు మేనత్త రాసిచ్చిపోయిన డబ్బది. ఆ అత్త బొంబాయిలో గుర్రం మీద షికారుకెళ్ళి పడి చచ్చిపోయింది. బొంబాయిలో ఆవిడకంత ఆస్తి ఎలా వచ్చిందో పుస్తకం చెప్పదు. లీడ్స్‌లో అద్దెగదిలో కూర్చుని, పొలం మీద తెచ్చిన అప్పును పౌండ్లలోకి మార్చుకుంటున్న నాకు మాత్రం ఆ ఒక్క వాక్యం చాలాసేపు నమలాల్సి వచ్చింది.

మా వీధి చివర ఒక తెలుగు కుటుంబం ఉండేది. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చాడు. ఆమె డిపెండెంటు వీసా మీద వచ్చింది. గుంటూరు వైపు వాళ్ళు. నేను అక్కా అనేదాన్ని. ఆదివారాలు పప్పుచారుకు పిలిచేది. ఆమె బీయిడీ చదివింది. ఒక ప్రైమరీ స్కూల్లో మధ్యాహ్న భోజనం వేళ పిల్లల్ని చూసుకునే పని వచ్చింది. రోజుకు గంటన్నర పని. జీతం బ్యాంకు ఖాతాలోనే వేస్తారు. ఖాతా కోసం పార్క్ రోకు వెళ్తే చిరునామా రుజువడిగారు. అద్దె ఒప్పందం ఆయన పేరు మీదుంది. కరెంటు, గ్యాసు, కౌన్సిల్ టాక్సు అన్నీ ఆయన పేరు మీదే. ఆ ఇల్లు ఊడ్చేదీ, వండేదీ, పోస్టుమాన్‌కు తలుపు తీసేదీ ఆమె. ఆమె ఆ ఇంట్లో ఉంటున్నట్టు చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

"నా నంబరిస్తే సరిపోతుంది కదా, అదీ మనదే కదా" అన్నాడట ఆయన. కోపంగా కాదు, మామూలుగానే.

రెండు నెలల జీతం అలాగే ఆయన ఖాతాలోకి వెళ్ళింది. ఒకరోజు లైబ్రరీ నుంచి వస్తుంటే ఆమె మా గేటు దగ్గర నిలబడి ఉంది. "అమ్మాయ్, నీ అకౌంటు నంబరు వాళ్ళకిస్తాను. నీ దాంట్లో పడనీ. నెలనెలా నువ్వు తీసి నా చేతికియ్యి."

వద్దన్నాను. మీ ఖాతాలోకి వేరేవాళ్ళ డబ్బు రానివ్వొద్దని, అలా చేస్తే ఖాతా మూసేస్తారని, ఆ తర్వాత ఇంకెక్కడా ఖాతా పుట్టదని విద్యార్థులకిచ్చే కాగితాల్లో ఉంటుంది. దొంగ డబ్బు తిప్పేవాళ్ళు బయటి దేశాల విద్యార్థుల ఖాతాలనే వెతుక్కుంటారు. ఇదంతా నిజమే. నేను చెప్పిందీ ఇదే. కానీ చెప్పిన తీరు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "నా వీసా పోతుందక్కా, మీకర్థం కాదు" అన్నాను. అర్థం కాకపోవడానికేముంది ఆమెకు? "సర్లే, నీదేం తప్పు" అని వెళ్ళిపోయింది. రెండు ఆదివారాలు పప్పుచారుకు పిలవలేదు.

నేనప్పుడు రాస్తున్న అధ్యాయం పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలల్లో ఆడవాళ్ళ సంపాదన గురించి. 1850లో ఎలిజబెత్ గాస్కెల్ రాసిన ఒక కథకు డికెన్స్ పత్రిక ఇరవై పౌండ్లు పంపింది. భర్త ఆ డబ్బును తాపీగా జేబులో పెట్టుకుని గుండీ పెట్టేసుకున్నాడని ఆవిడ ఒక స్నేహితురాలికి ఉత్తరం రాసింది. చట్టప్రకారం అది ఆయన డబ్బే. పెళ్ళైన స్త్రీ తన జీతాన్ని తనదిగా ఉంచుకోవచ్చని, పొదుపు బ్యాంకులో తన పేరున వేసుకోవచ్చని బ్రిటన్‌లో 1870లో చట్టం వచ్చింది. 1882లో మిగతా ఆస్తికీ వచ్చింది. ఫ్రాన్సులో భర్త అనుమతి లేకుండా భార్య బ్యాంకు ఖాతా తెరవడానికి 1965 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ వారం నేను ఇవన్నీ వరసగా రాసి, గాస్కెల్ దగ్గర ఒక పేరా ఎక్కువే రాసి, మా గైడు మెచ్చుకుంటే సంతోషించాను. గుండీ పెట్టుకున్న ఇంకో జేబు మా వీధి చివర్లోనే ఉంది. సాయంత్రం అటుకాకుండా చుట్టు తిరిగి ఇంటికొచ్చాను.

మూడో ఆదివారం నేనే వెళ్ళాను. ఈసారి పని తెలుసుకుని వెళ్ళాను. స్కూలు వాళ్ళు ఎలాగూ అడుగుతున్న నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుకు ఆమె సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫోన్ చేసి, జాబ్ సెంటరులో ఇంటర్వ్యూకు వెళ్తే, నంబరు ఉత్తరంలో వస్తుంది. ఆ ఉత్తరం మీద ఆమె పేరుంటుంది, ఆ ఇంటి చిరునామా ఉంటుంది. స్కూలు ఇచ్చే ఉద్యోగపు ఉత్తరం రెండోది. ఈ రెండూ చాలంటారా అని నాలుగు బ్యాంకుల్లో అడిగాం. మూడు కాదన్నాయి. నాలుగోది బేసిక్ ఖాతా ఇచ్చింది. అన్ని చోట్లా నేను పక్కనే కూర్చున్నాను, మాట్లాడింది ఆమే. బీయిడీ ఇంగ్లీషు చక్కగా సరిపోయింది.

కార్డొచ్చిన కవరు ఆయనే చింపి చూసి టేబులు మీద పెట్టాడట. "చూసుకోనీలే" అంది అక్క. రహస్య సంఖ్య కవరు వచ్చే వేళకు మాత్రం రోజూ తలుపు దగ్గరే ఉందట.

ఇవన్నీ ఫోన్లో అమ్మకు చెప్పేదాన్ని. మాది నెల్లూరు జిల్లా. 1992లో మా జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, ఆ మరుసటి ఏడు అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. దాని వెనకే రోజుకో రూపాయి పొదుపు చేసే సంఘాలు పుట్టాయి. అమ్మ మా వీధి సంఘంలో చేరింది. ఆ రూపాయి పోపుల డబ్బాలోంచి వచ్చేది. సంఘానికి బ్యాంకులో ఖాతా, ఒక్కొక్కరికీ చిన్న పుస్తకం. అమ్మ ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టలేదు, బియ్యం డబ్బాలో పెట్టుకునేది. అందుకే నాకు కార్డొచ్చిందని చెప్పగానే ఆమె అడిగింది, "పుస్తకం ఏదిమే?" పుస్తకం ఉండదమ్మా, అంతా కంప్యూటర్లో ఉంటుందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఎవురి పేరు మీదుండాది?" అంది. నా పేరు మీదే, నా ఒక్కదాని పేరు మీదే అన్నాను. "సరే, అయితే మీ నాయనకి చెప్పబాక, జాయింటు పెట్టమంటాడు" అని పెట్టేసింది.

రాత్రి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. చాలా మారిపోయింది. వీసా కార్డులు 2024 చివరితో పోయాయి, ఇప్పుడంతా ఆన్‌లైన్‌లోనే. 2017 నుంచి ఫోన్లోనే ఖాతా తెరిచే బ్యాంకులు వచ్చాయి, పార్క్ రోలో కూర్చోనక్కర్లేదు. 28 రోజుల నిబంధన మాత్రం అలాగే ఉంది. నెలనెలా రుసుముండే ఖాతా తీసుకోవద్దన్నాను. అద్దె ఒప్పందంలో నీ పేరుండేలా చూసుకో అన్నాను. ఇక్కడి ఖాతాను ఎన్నారో ఖాతాగా మార్పించుకోవాలి, చదువుకోసం వెళ్ళినవాళ్ళనూ ప్రవాసుల్లాగే చూడాలని రిజర్వు బ్యాంకు 2003లోనే చెప్పింది, ఎవరూ చెయ్యరు, నువ్వు చెయ్యి అన్నాను. అన్నీ రాసుకుంటున్నట్టుంది, ఊ కొడుతోంది.

"ఆ ఇక్కడి ఖాతా నీ ఒక్కదానిదేనా?"

"అవును మేడమ్, నా పేరు మీదే ఉంది."

"ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది?"

కాస్త ఆగింది. "నాన్న ఫోనుకి."

"రేపు పదింటికి బ్యాంకు తీస్తారు. ఆధార్ కార్డు తీసుకుని నువ్వే వెళ్ళు" అన్నాను.