సంఘపెద్ద

మా రాజంపేట వైపు క్రైస్తవం ఎక్కువగా లండన్ మిషన్ వాళ్లతో వచ్చింది. మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖ సంఘాలు పెరిగింది మాత్రం పాలమూరు, నల్గొండ పల్లెల్లో. 1889లో రష్యా సామ్రాజ్యం నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు వచ్చి నల్గొండలో కాపురం పెట్టారు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ వచ్చారు. ఆ తర్వాత దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూలుకూ వాళ్ల పని పాకింది.

దొరల పేర్లు చరిత్రకెక్కాయి. సంఘాన్ని మోసింది మాత్రం ఊళ్లలోని పెద్దలేనని నా నమ్మకం. సంఘపెద్ద అంటే పగలు కూలికో సేద్యానికో పోయి, పొద్దుగూకాక లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి. జబ్బు చేసిన వాడి మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేస్తాడు. పొలం గెనెం దగ్గర కొట్టుకున్న అన్నదమ్ముల్ని ఒకే చాప మీద కూర్చోబెడతాడు. 1525లో జ్యూరిక్‌లో మొదలైన మెన్నోనైట్ల విశ్వాసంలో కత్తి పట్టకూడదు, పగ తీర్చుకోకూడదు.

తరతరాల కక్షలతో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో చూసిన సీమవాణ్ని. ఆ పెద్దరికం విలువ నాకు బాగా తెలుసు. పాలమూరు మిత్రులారా, మీ ఊరి ముసలి సంఘపెద్ద దగ్గర కూర్చోండి. ఆయన చెప్పేది ఇప్పుడే రాసిపెట్టండి.