కొండల నడుమ చిట్టి ముక్కు

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్‌ పర్వతాల ఒడిలోని ఊరు గ్రెనోబుల్‌. వెర్కోర్‌, షార్త్రూజ్‌, బెల్‌డోన్‌... మూడు దిక్కులా కొండలే. 1968 శీతకాల ఒలింపిక్స్‌ జరిగిందిక్కడే. బుడగల్లాంటి కేబుల్‌కారులో ఇజేర్‌ నది దాటి కోట ఎక్కితే ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది.

అందాన్నిచ్చిన ఆ కొండలే చలికాలంలో చిక్కు తెస్తాయి. పైన వెచ్చటి గాలి మూతలా కమ్మితే వాహనాలు, కట్టెల పొయ్యిలు వదిలే పొగ లోయలోనే ఉండిపోతుంది.

గాలిలో ఏముందో పసిగట్టే చిప్‌లపై పరిశోధన కూడా ఈ ఊళ్లోనే సాగడం విశేషం. 2006లో ప్రారంభమైన మినాటెక్‌ ప్రాంగణంలో లెటి సంస్థ శాస్త్రవేత్తలు, అమెరికాలోని కాల్‌టెక్‌తో కలిసి వెంట్రుక కన్నా ఎంతో సన్నని సిలికాన్‌ పుల్లల్ని చెక్కారు. అవి సెకనుకు కోటిసార్లకు పైగా కంపిస్తాయి. మృదంగానికి ఎడమవైపు రవ్వముద్ద అంటిస్తే నాదం గంభీరమవుతుంది కదా, ఇదీ అంతే! పుల్ల మీది పూతకు వాయువు అంటుకుంటే బరువు పెరిగి కంపనాల వేగం తగ్గుతుంది. ఏ వాయువో తేలేందుకు ముందే సన్నని గొట్టంలో వాటిని విడదీసి ఒక్కొక్కటిగా పంపుతారు.

2020 మే నెలలో ఓ తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్‌ ఆవిరి నిద్రలో ఉన్నవాళ్లను కమ్మేసింది. అది గుర్తున్న మనకు, ఇలాంటి చిట్టి ముక్కు వీధికొకటి ఉంటే ఎంత బావుణ్ణో అనిపించక మానదు.