ఒత్తులకి చోటిచ్చే మూస

మొత్తానికి నా సైటు మూస మార్చేశాను. పాతదాంట్లో హంగులకేం తక్కువ లేదు. కదిలే బొమ్మలు, రెండు పక్కపట్టీలు, మెనూ మీద మెనూ. ఇబ్బందల్లా తెలుగు చదవడానికే! కొత్తదాంట్లో ఒక శీర్షిక, ఒకే నిలువు వరుస, కింద పాత రాతల జాబితా. అంతే సంగతులు.

ఇదేదో అందచందాల గొడవ అనుకునేరు. మూసలు తయారుచేసేవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాన్నే దృష్టిలో పెట్టుకుంటారు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. 'స్త్రీ'లో అయితే ఒకే అక్షరానికి రెండు ఒత్తులు, పైన గుడిదీర్ఘం. వరుసల మధ్య ఎడం 1.2 రెట్లే ఉంటే పై వరుస ఒత్తులూ కింది వరుస గుళ్ళూ కొట్టుకుంటాయి. శీర్షిక పెట్టెకి ఇంతే ఎత్తని బిగించి, మించినదాన్ని దాచెయ్యమని రాసుంటే ఒత్తు తెగిపోతుంది. 'కల్ల' కాస్తా 'కల' అయి కూర్చుంటుంది :)

మా అమ్మ అన్నీ ఫోనులోనే చదువుతుంది. "అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయేమిట్రా?" అంది. నేను రాసే ఊరి కబుర్లు సగం ఆవిడ కోసమే. ఆవిడే చదవలేనప్పుడు ఈ హంగులన్నీ ఎవరికట?

పాత మూసలో ఆ ఎడం సరిచెయ్యాలంటే నాలుగైదు ఫైళ్ళు గాలించాలి. ఒకచోట మారిస్తే ఇంకోచోట చెడుతుంది. కొత్తదాని సీఎస్ఎస్ రెండు తెరల్లో అయిపోతుంది. ఫాంటు, అక్షరం సైజు, వరుసల ఎడం, వరుస పొడవు - ఈ నాలుగు విలువలూ ఫైలు మొదట్లోనే ఉన్నాయి. మండలి ఫాంటు పెట్టి, ఎడం 1.8 చేశాను. ఇటాలిక్ తీసేశాను. చాలా తెలుగు ఫాంట్లకి ఆ రూపమే ఉండదు, బ్రౌజరే అక్షరాన్ని బలవంతంగా వంచుతుంది. జస్టిఫై కూడా తీసేశాను. మన పదాలు పొడుగు, ఫోను తెర ఇరుకు. రెండువైపులా సమంగా లాగితే మధ్యలో గోతులు పడతాయి.

ఇంత మార్చినా రాతల్లో ఒక్క అక్షరం కదల్లేదు. విషయం వేరు, వేషం వేరు అని 2003లోనే సీఎస్ఎస్ జెన్ గార్డెన్ చూపించింది. ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్, వేషాలు బోలెడు. వర్డ్‌ప్రెస్‌లో థీములు 2005లో 1.5తో వచ్చాయి. అందులో మార్పులు చేసేవాళ్ళు అసలు థీము ఫైళ్ళ జోలికి పోకుండా పిల్ల థీము చేసుకోండి. లేకపోతే తర్వాతి అప్‌డేట్ మీ శ్రమంతా తుడిచిపెట్టేస్తుంది.

మా వృత్తిలో కొత్త ఫీచరు చేర్చినవాడికే చప్పట్లు. తీసేసినవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. కానీ చదివేవాడికి మేలు చేసేది చాలాసార్లు ఆ తీసివేతే అని నా అభిప్రాయం.

మీకూ సొంత సైటుంటే ఓ చిన్న పరీక్ష. శీర్షికలో 'స్త్రీ', 'రాష్ట్రం' అని రాసి ఫోనులో చూడండి. ఒత్తులన్నీ నిండుగా కనిపిస్తే మీ మూస మంచిదే. లేదంటే, ఇంకా ఎందుకు మోస్తున్నట్టు?