కుక్క ఉందా అని అడగాలి

కైకలూరు నుంచి ఆలపాడు మీదుగా కొల్లేటికోట చేరేసరికి ఎండ ముదిరింది. ఫాల్గుణంలో అయితే పెద్దింట్లమ్మ జాతరతో ఈ లంక కిటకిటలాడేది. మేం అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాం గానీ, వచ్చిన పని గొర్రెలతోనూ కుక్కలతోనూ. నాతో వచ్చిన మిత్రుడు ఏలూరులో స్కానింగులు చూసే డాక్టరు.

గట్టు పక్కన తాటాకు పందిరి కింద ఒకాయన గొర్రెను కోస్తున్నాడు. కాలేజం మీద తెల్లగా నీటి పొక్కులు. ఆ ముక్క కోసి విసరబోతే డాక్టరు, "ఆగవయ్యా!" అని కేకేశాడు. అప్పటికే రెండు కుక్కలు లేచి నిలబడ్డాయి.

"గొర్రెలకి మామూలేనండి," అన్నాడు మాంసం కొట్టాయన.

ఆ మామూలులోనే ఉంది చిక్కంతా. ఆ పొక్కు ఒక నీటి తిత్తి. దాన్ని తిన్న కుక్క పేగులో బియ్యపు గింజంత బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క విసర్జనతో గడ్డి మీద పడితే గొర్రెకు, చేతులకూ కూరాకుకూ అంటితే మనిషికి తిత్తుల జబ్బు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి రెండు స్థానాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లవే. హైడాటిడ్ అనే ఈ జబ్బు మనకు పరాయిదేం కాదు.

మనిషిలో ఎక్కువగా పట్టేది కాలేయాన్ని, తర్వాత ఊపిరితిత్తుల్ని. ఎముకకు చేరేది నూటికి నాలుగు లోపే, అందులో సగం దాకా వెన్నుపూసల్లో. డాక్టరు చెట్టు నీడలో ల్యాప్‌టాప్ తెరిచి, పేర్లు చెరిపేసిన ఫిల్ములు చూపించాడు. కాలేయంలో తిత్తి గుండ్రంగా ఉంది. చుట్టూ శరీరం కట్టిన గోడ. అల్ట్రాసౌండ్‌కే దొరికిపోతుంది. ఎముకలో ఆ గోడ కట్టదు. చిన్న చిన్న తిత్తులు, గుమ్మాన్ని తొలిచే చెదల్లాగా, సందు దొరికిన వైపల్లా పాకుతాయి. ఎక్స్‌రేలో ద్రాక్షగుత్తిలాంటి నల్లటి గుంటలు, అంచున కొత్త ఎముక దాదాపు కనబడదు. గడ్డేమో అనిపిస్తుంది. మన దగ్గర వెన్నుపూస తినేసినట్టు కనిపిస్తే ముందు నోటికొచ్చే మాట టీబీ.

"మరి తేడా ఎలా తెలుస్తుంది?"

ఆయన ఎంఆర్ఐ తిప్పాడు. పూసలో తెల్లని ముత్యాల్లా నీటి తిత్తులు; పూసల మధ్య డిస్క్ మాత్రం చాలావరకు చెక్కుచెదరలేదు. టీబీలో అది తరచు దెబ్బతింటుంది. తరచు అన్నాడు గానీ ఎప్పుడూ అనలేదు. ఎముక జబ్బుకు రక్తపరీక్ష కూడా కొన్నిసార్లు ఏమీ లేదనే చెబుతుందట. అనుమానం లేకుండా సూది పొడిస్తే తిత్తి చిట్లి ప్రాణాపాయమైన ఎలర్జీ రావచ్చు, జబ్బు పక్కకు పాకవచ్చు. ఆపరేషన్ చేసి, నెలల తరబడి ఆల్బెండజోల్ ఇచ్చినా మళ్లీ తలెత్తే మొండి జబ్బు.

తన దగ్గరకొచ్చే స్కానింగు చీటీ మీద మాత్రం తరచు రెండే ముక్కలుంటాయట: నడుం నొప్పి. ఇంట్లో కుక్క ఉందా, గొర్రెలు కాశావా అని అడగడానికి పైసా ఖర్చు లేదు. నాకు ఆ ముత్యాల బొమ్మ కన్నా ఈ ఖాళీ చీటీయే ఎక్కువ గుచ్చుకుంది.

మాంసం కొట్టాయన డాక్టరు మాట విని మూర లోతు తవ్వి, పొక్కుల ముక్కను పూడ్చాడు. తిరిగి వస్తూ చూశాం. ఎర్రకుక్క అక్కడే ముందుకాళ్లతో మట్టి ఎగజిమ్ముతోంది. డాక్టరు దాన్ని అదిలిస్తూనే, "ఏమయ్యా, ఆ పార ఇలా ఇవ్వు!" అని పందిరి వైపు పరుగెత్తాడు.