రిపేరు సాయిబులు

ఊళ్లో మాకున్న పేరు 'రిపేరు సాయిబులు'. కాలవ శివారు చేలకు నీళ్లు తోడే ఆయిలింజను మొరాయిస్తే మా గడపే తొక్కేవాళ్లు. పనయ్యాక 'మీ సొంతూరేది?' అనేవాళ్లు. 1992 డిసెంబరు తర్వాత ఆ ప్రశ్న మరీ ఎక్కువైంది.

రాత్రిళ్లు మా అబ్బా పెరటి పాకలో ఇంకో పని చేసేవాడు. లేతును మేం ఖరాదంటాం. దాని మీద ఇత్తడి కడ్డీ తొలిచి బొటనవేలంత సిలిండరు తీసేవాడు. పిస్టను బిగువైతే కదలదు, వదులైతే ఆవిరి కారిపోతుంది. అందుకే రోజుల తరబడి అరగదీసేవాడు. చిట్టి బాయిలరు కింద స్పిరిటు దీపం పెడితే ఆవిరి పిస్టన్ని నెట్టేది. ఆ ముందువెనకల ఊపును క్రాంకు తిరుగుడుగా మార్చేది. చక్రం గిర్రున తిరిగేది.

'ఏ ఇంగ్లీషు పుస్తకం చూసి చేశావు సాయిబూ?' అనేవాళ్లు చూసినవాళ్లు. యంత్రమంటే తెల్లదొర తెచ్చిందేనని లెక్క. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు మేమూ సలాము చేస్తాం. కానీ 1206లోనే అల్ జజరీ నీళ్లు తోడే యంత్రానికి క్రాంకు అమర్చి, బొమ్మలతో సహా పుస్తకం రాశాడు. బళ్లో మాకు సుల్తానుల కత్తులే చెప్పారు. ఆ క్రాంకు సంగతి ఎవరూ చెప్పలేదు.

అబ్బా బొమ్మింజను ఒక్క మడీ తడపలేదు. అయినా మాకది దస్తావేజు. మేం బాగుచేసేవాళ్లమే కాదు, తయారుచేసేవాళ్లం. సొంతూరంటారా? ఖరాదు ఉర్దూలో పలుకుతుంది, నీళ్లు తెలుగులో పారతాయి. రెండూ ఈ గోదారి గట్టునే.